ర్యామ్ ఖాళీ ఉన్నా మెమరీ చాలట్లేదని మెసేజ్ వస్తుంటే ఏం చూడాలి?

మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, టాస్క్ మేనేజర్‌లో ఇంకా 2 జీబీ ఖాళీ చూపిస్తోంది, అయినా మెమరీ తక్కువగా ఉంది, ప్రోగ్రాములు మూసేయండి అని మెసేజ్ వస్తోంది, క్రోమ్ దానంతటదే మూసుకుపోతోంది అన్నారు. షాపులో ఫార్మాట్ కొట్టాలి, లేదా ర్యామ్ వేయించుకోవాలి అన్నారట. ప్రస్తుతానికి రెండూ ఆపండి. సీ డ్రైవ్‌లో 600 ఎంబీయే మిగిలిందని ప్రశ్న చివర్లో మాటవరసకి రాశారు చూడండి, మీ జవాబు అక్కడే ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద క్లిక్ చేయండి. పైనున్న గ్రాఫునీ, "అవైలబుల్" అంకెనీ వదిలేసి "కమిటెడ్" అని ఉన్నచోట చూడండి. అక్కడ గీతకి అటూ ఇటూ రెండు అంకెలుంటాయి. మీ మెషీన్లో అవి 8.5/8.7 జీబీకి దగ్గర్లో ఉంటాయి, నాకు అనుమానం లేదు. మొదటిది ప్రోగ్రాములన్నీ కలిసి విండోస్ దగ్గర ఇప్పటికే ఖాయం చేసుకున్న మెమరీ. రెండోది విండోస్ మొత్తమ్మీద ఇవ్వగలిగింది. ర్యామ్, పేజ్‌ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్కు మీద పెట్టుకునే ఫైలు) కలిపితే ఆ రెండో అంకె వస్తుంది. 8 జీబీలో కొంత గ్రాఫిక్స్‌కి పోయి 7.7 మిగిలిందనుకోండి, పేజ్‌ఫైల్ 1 జీబీ దగ్గర ఆగిపోయింది, మొత్తం 8.7. అంతకుమించి ఒక్క ఎంబీ అడిగినా విండోస్ ఇవ్వదు.

మరి ఆ ఖాళీ 2 జీబీ సంగతేంటి? రైలు రిజర్వేషన్ లాంటిదే. మధ్య స్టేషన్లో ఎక్కాల్సినవాళ్లు ఇంకా రాలేదు కాబట్టి బోగీలో సీట్లు ఖాళీగానే ఉంటాయి, కౌంటర్లో మాత్రం టికెట్ దొరకదు. ప్రోగ్రాములు అడిగి పెట్టుకుని ఇంకా ముట్టుకోని మెమరీ ర్యామ్‌లో చోటు తీసుకోదు, కానీ లెక్కలో పడిపోతుంది. లైనక్స్ అయితే మామూలుగా ఉన్నదానికన్నా ఎక్కువే ఒప్పుకుని, ఇరుకున పడ్డాక ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. విండోస్ ఒప్పుకున్న ప్రతి బైటుకీ ర్యామ్‌లోనో పేజ్‌ఫైల్‌లోనో చోటు ఉండేలా చూసుకుంటుంది. అందుకే ర్యామ్ ఖాళీ ఉండగానే ఈ మెసేజ్ వస్తుంది.

ఇక పేజ్‌ఫైల్ 1 జీబీ దగ్గరే ఎందుకు ఆగిందో చూద్దాం. పేజ్‌ఫైల్‌ని విండోస్‌కే వదిలేస్తే అది ర్యామ్‌కి మూడు రెట్లు లేదా 4 జీబీ, ఏది ఎక్కువైతే అంతవరకు పెరగగలదు. కానీ విండోస్ 10 నుంచీ ఇంకో హద్దు కూడా ఉంది: ఆ డ్రైవ్ మొత్తం సైజులో ఎనిమిదో వంతు దాటకూడదు. 8 జీబీ ర్యామ్‌కి మూడు రెట్లంటే 24 జీబీ, కానీ సీ డ్రైవ్ 100 జీబీ అయితే 12.5 దగ్గరే ఆగాలి. ఆ పన్నెండున్నరకైనా డ్రైవ్‌లో ఖాళీ ఉండాలి కదా. 600 ఎంబీ ఉన్నచోట అది పెరిగేదెక్కడ?

ఇక్కడ షాపులవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 500 జీబీ డిస్కుని సీ 100, డీ 200, ఈ 200 అని ముక్కలు చేసి ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. విండోస్, ఆఫీస్, అప్‌డేట్లు, డౌన్‌లోడ్లు, డెస్క్‌టాప్ మీద పడేసే ఫొటోలు అన్నీ చేరేది సీలోకే. ఏడాది తిరిగేసరికి సీ నిండిపోతుంది, డీ, ఈ బోసిగా పడి ఉంటాయి. ఆ తర్వాత అదే షాపుకి ఫార్మాట్ కోసం డబ్బు కట్టాలి. కొత్త సిస్టమ్ తీసుకునేటప్పుడే సీ డ్రైవ్ కనీసం 200 జీబీ పెట్టమని గట్టిగా చెప్పండి. డిస్కు 256 జీబీదే అయితే అసలు ముక్కలే చేయొద్దనండి.

ముందు సీలో 15-20 జీబీ ఖాళీ చేయండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిస్తే "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" కనిపించవచ్చు. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలిన పాత విండోస్ అది, ఒక్కటే 10 జీబీ దాటి ఉంటుంది. వెనక్కి వెళ్లే ఉద్దేశం లేకపోతే తీసేయండి. అదే జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటుంది, అందులో మీ ఫైళ్లే ఉంటాయి కాబట్టి చూడకుండా టిక్ పెట్టొద్దు. హైబర్నేట్ (తెరిచినవన్నీ డిస్కులో దాచి మెషీన్ ఆపేయడం) వాడనివాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని ఇంగ్లిష్‌లో కొడితే హైబర్నేషన్ ఫైలు పోతుంది. మామూలుగా అది ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే మీకు 3 జీబీ పైనే మిగులుతుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, దానివల్ల మేలేమిటో కింద చెబుతాను.

తర్వాత పేజ్‌ఫైల్ సెట్టింగ్. స్టార్ట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" అని వెతికి తెరవండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్ నొక్కాలి, వచ్చిన విండోలో మళ్లీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ కింద చేంజ్. పైన "ఆటోమేటికల్లీ మేనేజ్" అనే టిక్ ఉంటే, సీలో ఇప్పుడు చోటు చేశారు కాబట్టి, అలాగే వదిలేయడమే మంచిది. టిక్ లేకుండా "నో పేజింగ్ ఫైల్" ఎంచి ఉంటే మాత్రం ఎవరో వీడియో చూసి మార్చారన్నమాట, టిక్ తిరిగి పెట్టేయండి.

సీలో ఎంత ఊడ్చినా చోటు దొరకనివాళ్లు డీ డ్రైవ్‌ని వాడుకోవచ్చు. టిక్ తీసేసి, సీని ఎంచుకుని కస్టమ్ సైజ్‌లో ఇనీషియల్ 1024, మ్యాగ్జిమమ్ 2048 ఇచ్చి సెట్ నొక్కండి. తర్వాత డీని ఎంచుకుని ఇనీషియల్ 8192, మ్యాగ్జిమమ్ 16384 ఇచ్చి మళ్లీ సెట్ నొక్కండి. ఇక్కడ అంకెలన్నీ ఎంబీల్లో ఉంటాయి. 16 జీబీ ఇద్దామనుకుని 16 అని కొట్టేవాళ్లున్నారు. సెట్ నొక్కకుండా నేరుగా ఓకే కొడితే మార్పు నిలవదు. "చేశానండీ, అయినా అలాగే ఉంది" అనేవాళ్లలో సగం మంది చేసే పొరపాటు ఇదే. సీ మీద కొంచెమైనా ఉంచమన్నది ఊరికే కాదు. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు కారణం తెలిపే డంప్ రాయడానికి విండోస్‌కి అది కావాలి. సైజు పెంచితే సాధారణంగా రీస్టార్ట్ అక్కర్లేదు, తగ్గిస్తే కావాలి. డీ కూడా అదే హార్డ్ డిస్కులో ముక్క అయితే వేగం పెరగదు, మెసేజ్ మాత్రం ఆగుతుంది. పెన్‌డ్రైవ్‌ని వర్చువల్ మెమరీగా మార్చుకోవచ్చని చెప్పే వీడియోలని నమ్మకండి. వాళ్లు చూపించేది రెడీబూస్ట్, అది డిస్కు చదవడాన్ని వేగం చేసే తాత్కాలిక నిల్వ మాత్రమే, కమిటెడ్‌లో రెండో అంకెని పెంచదు.

పేజ్‌ఫైల్ ఉంటే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో చేసిన డిస్కు) తొందరగా అరిగిపోతుందనే మాట ఒకటి ఏళ్లుగా తిరుగుతోంది. 2009లో, విండోస్ 7 వచ్చే ముందు, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లే కొలిచి చెప్పారు: పేజ్‌ఫైల్ నుంచి చదివేది, దాంట్లో రాసేదానికి దాదాపు 40 రెట్లు. అరుగుదలంతా రాయడం వల్లే. శాంసంగ్ 870 ఈవో అనే ఎస్ఎస్‌డీ 250 జీబీ మోడల్‌కి వారంటీ ఐదేళ్లు లేదా 150 టెరాబైట్లు రాసేవరకు, ఏది ముందైతే అది. రోజుకి 20 జీబీ రాసినా ఆ 150 టెరాబైట్లకి చేరడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. దీనికి భయపడి పేజ్‌ఫైల్ తీసేసి, సేవ్ చేయని ప్రాజెక్ట్ రిపోర్టులు పోగొట్టుకోవడం న్యాయం కాదు. ర్యామ్ క్లీనర్లు, బూస్టర్లు కూడా ఇదే కోవలోవి. అవి ప్రోగ్రాములు వాడుతున్న మెమరీ ముక్కలని బలవంతంగా ర్యామ్ నుంచి బయటికి నెట్టి "ఖాళీ" అంకె పెంచి చూపిస్తాయి. కమిటెడ్ అంకె అక్కడే ఉంటుంది. మీ సమస్య ఉన్నదే ఆ అంకెలో.

చోటు చేశాక కూడా కొన్నాళ్లకి మళ్లీ మెసేజ్ వస్తే, ఎవరో మెమరీ మింగుతున్నారు. ఎవరన్నది విండోస్ రాసి పెట్టే ఉంచుతుంది, చూసేవాళ్లే తక్కువ. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ వెతికి తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తీసుకుని, కుడివైపు ఫిల్టర్‌లో ఈవెంట్ నంబరు 2004 ఇవ్వండి. సోర్స్ దగ్గర "రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్" అని ఉన్నదాన్ని తెరవండి. వర్చువల్ మెమరీ తక్కువైన ఆ క్షణంలో అన్నిటికన్నా ఎక్కువ వాడుకున్న ప్రోగ్రాముల పేర్లు, ఒక్కోటి ఎన్ని బైట్లు తీసుకుందో అందులో ఉంటాయి. బైట్ల అంకె బారుగా ఉంటుంది. కుడినుంచి తొమ్మిది అంకెలు కొట్టేస్తే ఇంచుమించు జీబీలు వస్తాయి: 3221225472 అంటే 3 జీబీ. ప్రతిసారీ ఒకే పేరు పైన కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ప్రోగ్రామ్‌ని అప్‌డేట్ చేయండి, లేదా తీసేయండి.

అప్పటికప్పుడు చూడాలంటే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో "కమిట్ సైజ్" టిక్ పెట్టండి. మామూలుగా కనిపించే మెమరీ కాలమ్ ర్యామ్‌లో ఉన్నంతే చూపిస్తుంది. పొద్దున 300 ఎంబీ ఉన్నది ఏ పనీ చేయకుండా సాయంత్రానికి 3 జీబీ అయితే అది లీకే, అంటే తీసుకున్న మెమరీని తిరిగి వదలడం లేదు. క్రోమ్‌లో ఏ ట్యాబ్ తింటోందో క్రోమ్‌లోనే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెలుస్తుంది.

ఏ ప్రోగ్రామూ పెద్దగా తినడం లేదు, అయినా కమిటెడ్ నిండిపోతోందా? మెమరీ పేజీలోనే "నాన్ పేజ్డ్ పూల్" చూడండి, విండోస్ లోపలి భాగం, డ్రైవర్లు వాడుకునే మెమరీ అది. ఇంట్లో వాడే మెషీన్లో అది కొన్ని వందల ఎంబీలుంటుంది. రెండు మూడు జీబీలు చూపిస్తే ఏదో డ్రైవర్ లీక్ చేస్తోంది. ఎక్కువసార్లు వైఫై లేదా ల్యాన్ డ్రైవరే అయ్యుంటుంది, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్తది వేయండి. ఫాస్ట్ స్టార్టప్ సంగతి ఇక్కడే: అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం, డ్రైవర్లతో సహా, డిస్కులో దాచుకుని మర్నాడు అలాగే లేస్తుంది. లీకైన మెమరీ కూడా దాంతోపాటే తిరిగొస్తుంది. "రోజూ ఆపేసి పెడుతున్నాను కదా" అంటే లాభం లేదు, రీస్టార్ట్ నొక్కాలి.

మెమరీ అనే మాట వచ్చిన ప్రతి ఎర్రరూ దీనివల్ల కాదు. ఎక్సెల్ మెమరీ లేదని అంటుంటే ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ చూడండి. 32 బిట్ అని ఉంటే అది 2 నుంచి 4 జీబీ మించి వాడుకోలేదు, పేజ్‌ఫైల్ ఎంత పెంచినా అంతే. ఆఫీస్ తీసేసి 64 బిట్ వేసుకోవాలి. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ నిండిందంటే అది ఫొటోషాప్ తన పని కోసం డిస్కులో పెట్టుకునే సొంత ఫైలు, ప్రిఫరెన్సెస్‌లో డీకి మార్చుకోండి. పైతార్చ్ (ఏఐ మోడళ్లు తయారుచేసే లైబ్రరీ) వాడే బీటెక్ పిల్లలకి "పేజింగ్ ఫైల్ ఈజ్ టూ స్మాల్" అంటూ 1455 నంబరు ఎర్రర్ వస్తుంది, అది మాత్రం అచ్చంగా ఈ సమస్యే. పైతార్చ్‌లో డేటా తెచ్చిపెట్టే డేటాలోడర్‌లో వర్కర్లు (పక్కన నడిచే ప్రోగ్రాములు) పెట్టిన కొద్దీ ఒక్కో వర్కరూ కూడా లైబ్రరీలని మళ్లీ లోడ్ చేసి జీబీల లెక్కన ఖాయం చేసుకుంటుంది. వర్కర్ల సంఖ్య సున్నా చేయండి, లేదా పేజ్‌ఫైల్‌ని 30-40 జీబీ చేయండి.

ర్యామ్ ఎప్పుడు కొనాలి? పేజ్‌ఫైల్ సరిచేశాక మెసేజ్ ఆగుతుంది, కానీ ఒక విండో నుంచి ఇంకోదానికి మారితే రెండు మూడు సెకన్లు కొట్టుకుంటుంటే రిసోర్స్ మానిటర్ తెరిచి మెమరీలో "హార్డ్ ఫాల్ట్స్" చూడండి, కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్కు నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిన సార్లు అవి. పని చేస్తున్నంతసేపూ సెకనుకి వందల్లో నడుస్తుంటే నిజంగానే ర్యామ్ చాలట్లేదు. కొనే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో "స్లాట్స్ యూజ్డ్", "ఫామ్ ఫ్యాక్టర్" చూసుకోండి. 1 ఆఫ్ 2, సోడిమ్ (ల్యాప్‌టాప్‌లో తీసి పెట్టే చిన్న ర్యామ్ స్టిక్) అని ఉంటే ఇంకో స్టిక్ పడుతుంది. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకి అతికించి ఉందని అర్థం. అలాంటి మోడల్‌కి ఇంకో స్లాట్ ఉందో లేదో కంపెనీ స్పెసిఫికేషన్లో చూశాకే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లండి. పాత మెషీన్లలో డీడీఆర్3ఎల్ రకం ర్యామ్ ఉంటే అది 1.35 వోల్టులది, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 అందులో పనిచేయకపోవచ్చు. షాపతను "రెండూ ఒకటేనండీ" అంటే పాత స్టిక్ తీసి దాని మీద లేబుల్ చూపించి అదే ఇవ్వమనండి.