లెక్క తప్పితే ఆ రోజే చెప్పు తల్లీ

నల్లకుంట, హైదరాబాద్

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైటెక్ సిటీ ఉద్యోగం మానేశావట, గచ్చిబౌలిలో పీహెచ్‌డీలో చేరుతున్నావట, అదీ ఎలక్ట్రోవీక్ ఫేజ్ ట్రాన్సిషన్ మీదట, అంటే పుట్టిన కొత్తలో విశ్వం స్థితి మారిన తీరు మీదట. "అక్కా, నువ్వే చెప్పు దానికి" అని ఏడ్చింది. వద్దని చెప్పమందో, జాగ్రత్తలు చెప్పమందో నాకు అర్థం కాలేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ల కిందట నేను ఏ లెక్క ముందు కూర్చున్నానో, నువ్వూ సరిగ్గా దాని ముందే కూర్చోబోతున్నావు. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది.

ముందు చిన్న విషయాలు. జేఆర్ఎఫ్ భృతి నెలకు 37,000 వస్తుంది, కానీ ఒకటో తారీఖున పడుతుందని నమ్ముకోకు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకో. హాస్టల్ దొరికితే హాస్టల్లోనే ఉండు, రాత్రి పదకొండింటికి క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడే పరిస్థితి తెచ్చుకోకు. గైడ్ ఎవరో ఖాయం చేసుకునే ముందు ఆయన దగ్గర చేస్తున్న పిల్లలతో ఒకసారి టీ తాగు. స్టాటిస్టికల్ మెకానిక్స్ మళ్లీ మొదటి నుంచి చదువు. ఫీల్డ్ థియరీ బాగా వచ్చినవాళ్లు కూడా ఈ సబ్జెక్టులో తడబడేది అక్కడే.

"ఇంతకీ ఆ ఫేజ్ ట్రాన్సిషన్ ఏంటక్కా?" అని మీ అమ్మ అడిగింది. నెయ్యి సంగతి చెప్పాను. చలికాలంలో డబ్బాలో నెయ్యి పేరుకునేటప్పుడు అక్కడొక పూస, ఇక్కడొక పూస కడుతుంది. చుట్టూ ఇంకా కరిగిన నెయ్యే ఉంటుంది, మధ్యలో అంచు కంటికి కనిపిస్తుంది. మెల్లగా పూసలు పెరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. అది ఫస్ట్ ఆర్డర్. మీ అమ్మమ్మ అరిసెలకు పాకం పట్టేది గుర్తుందిగా? పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూసేది. చుక్క చెదిరిపోతే ఇంకా లేత, వేలికి ఉండ కట్టి వస్తే దించెయ్యడమే. కానీ ఫలానా క్షణంలో పాకం వచ్చిందని గీత గీసి చూపించగలమా? దాన్ని క్రాసోవర్ అంటారు. విశ్వం పుట్టాక సెకనులో పది వేల కోట్లవ వంతు గడిచినప్పుడు, దాదాపు 160 జీఈవీ (కణాల శక్తికీ బరువుకూ మేం వాడే కొలత) దగ్గర, అంటే సుమారు 1,850 లక్షల కోట్ల డిగ్రీల వేడిలో, కణాలకు బరువిచ్చే హిగ్స్ క్షేత్రం విశ్వమంతా మేల్కొంది. డబ్ల్యూ, జెడ్ కణాలకు బరువు వచ్చింది. అది నెయ్యిలా పేరుకుందా, పాకంలా చిక్కబడిందా? మీ అమ్మ అంతా విని, "దీని కోసమా ఉద్యోగం మానేసింది?" అంది. దీని కోసమే. నాకైతే ఇంతకన్నా మంచి కారణం తోచదు.

ఇనుమును 770 డిగ్రీలు దాటించి వేడి చేస్తే అయస్కాంతం పోతుంది, దిక్కులన్నీ మళ్లీ సమానమవుతాయి. మూల కణాల విషయంలోనూ ఇలాగే జరగాలని 1972లో భౌతిక శాస్త్రవేత్త కిర్జ్‌నిట్స్ అన్నాడు, లిండేతో కలిసి లెక్క కట్టి చూపించాడు. చల్లబడితే ఈ సమానత్వం, అంటే సౌష్ఠవం, భంగమవుతుంది, వేడెక్కితే తిరిగొస్తుంది. 1985లో కుజ్మిన్, రుబకోవ్, షాపోష్నికోవ్ ఇంకో అడుగు వేశారు. ఈ విశ్వంలో ప్రతిపదార్థం (యాంటీమ్యాటర్) కన్నా పదార్థం ఎందుకు మిగిలిందో ఈ మార్పులోనే తేలవచ్చన్నారు. దానికి సమతౌల్యం చెదరాలని 1967లోనే సఖరోవ్ షరతు పెట్టాడు. అంటే పూసలు కట్టాలి, పాకమైతే పని జరగదు. నేను పీహెచ్‌డీలో చేరేనాటికి ఈ సబ్జెక్టులో ఉన్నవాళ్లందరం పూసలే కట్టాలని కోరుకునేవాళ్లం. ఇక నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇది తెలియదు.

1992, నాకు మూడో ఏడు. మూల కణాల సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్‌కు హిగ్స్‌లాంటి ఇంకో స్కేలార్ క్షేత్రం కలిపి, పొటెన్షియల్, అంటే క్షేత్రం విలువను బట్టి ఉండే శక్తి, వేడికి ఎలా మారుతుందో కడుతున్నాను. కంప్యూటర్ మీద నా వంతు వారానికి రెండు గంటలు, మిగతాదంతా చేత్తోనే. క్షేత్రం మూడో ఘాతంలో ఉండే పదం ఆ శక్తి గీతలోని రెండు లోయల మధ్య గట్టు వేస్తుంది. గట్టు ఉంటేనే పూసలు. లోయలు రెండూ సమానమైన చోట క్షేత్రం విలువను ఉష్ణోగ్రతతో భాగిస్తే ఒకటికి పైన రావాలి, లేకపోతే మిగిలిన పదార్థం కాస్తా మళ్లీ చెరిగిపోతుంది. నాకు 1.1 వచ్చింది. ఆ రాత్రి పెన్ను మూసేశాను. అదే సున్నా చిల్లర వచ్చి ఉంటే ఎక్కడ తప్పానో అని వంద సార్లు వెతికేదాన్ని. కావలసింది వచ్చింది కాబట్టి ఒక్కసారి కూడా వెతకలేదు.

మా గైడ్ దాని మీద సెమినార్ ఇచ్చారు. నా జూనియర్ అబ్బాయి ఆ సంఖ్య తీసుకుని, బుడగ గోడ, అంటే పూస అంచు, ఎంత వేగంతో కదులుతుందో కట్టడం మొదలుపెట్టాడు. మూడు వారాల తర్వాత ఇంకా అచ్చుకాని పేపరు, ఒక ప్రీప్రింట్ జిరాక్స్ చేతికొచ్చింది. వేడి మాధ్యమంలో డబ్ల్యూ, జెడ్‌ల నిలువు పోలరైజేషన్లకూ (కదిలే దిక్కులోనే సాగే కంపనాలకూ) స్కేలార్లకూ విడిగా బరువు వచ్చి పడుతుంది, ఆ బరువును లెక్కలోకి తెచ్చే రింగ్ డయాగ్రమ్‌లన్నీ కూడితే ఆ మూడో ఘాతం పదంలో వాటి వాటా కరిగిపోతుంది. గేజ్ కణాలైన డబ్ల్యూ, జెడ్‌లలో ప్రతిదానికీ ఉన్న మూడు వాటాల్లో రెండే మిగులుతాయి. ఇంటికొచ్చి మళ్లీ కట్టాను. తెల్లవారుజామున నాలుగింటికి 0.7 తేలింది.

నోటుబుక్కు మూసి పరుపు కింద పెట్టాను. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు.

గైడ్ పరువు పోతుందనుకున్నాను. నన్ను పంపించేస్తారనుకున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, చదువు ఆగిపోతే ఆ నెలలోనే ముహూర్తం పెట్టేస్తారని భయం. ఆ అబ్బాయి నాకు ఎదురు బల్ల. రెండుసార్లు అడిగాడు, "అక్కా, ఆ నంబర్ ఫైనలేనా?" అని. రెండుసార్లూ ఫైనలే అన్నాను. తలెత్తకుండా అన్నాను.

చివరికి చెప్పిన రోజు గైడ్ అరవలేదు. "ఎప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగారు. తారీఖు చెప్పాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద మొదటి రింగ్ గీశారు. సాయంత్రం దాకా ఇద్దరం కట్టాం. ఆ మోడల్లో గట్టు చాలదని రాసిన పేపరే తర్వాత నా థీసిస్‌లో మూడో అధ్యాయం అయింది. ఆ అబ్బాయి మాత్రం నాలుగు నెలలుగా రాసిన కాగితాలు పురికొసతో కట్టి బీరువా అడుగున పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు తనకు టీ తెచ్చుకుంటూ నాకూ ఒక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను ఆ టీ తాగలేకపోయాను.

నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా లెన్సు పగలగొట్టి ముక్కలు బియ్యం డబ్బాలో దాచావు. బియ్యంలో గాజు, చిట్టీ! ఎవరి కడుపులోకి వెళ్లేదో అని నేను హడలిపోయాను, నిన్ను ఎంత తిట్టానో నాకే తెలియదు. నువ్వు మాత్రం నాలుగు రోజులు అన్నం ముట్టకుండా అటుకులు తిన్నావు, నీ కంచంలోకి గాజు రాకూడదని కాదు, అందరికన్నా ముందు నువ్వే మానేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారని. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అడిగేదాకా ఆగే గుణం నీది. నాదీ అదే. నీ తెలివి గురించి నాకు బెంగ లేదు, ఈ గుణం గురించే. తప్పని తెలిసిన రోజే లేచి గైడ్ తలుపు తట్టు. ఆయన దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

నీ పని నా రోజులకన్నా కష్టం. హిగ్స్ బరువు దాదాపు 80 జీఈవీ దాటితే స్టాండర్డ్ మోడల్లో మిగిలేది పాకమేనని కయంటీ, లైనే, రుమ్ముకైనెన్, షాపోష్నికోవ్ 1996లో లాటిస్ మీద, అంటే స్థలాన్ని గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌తో, తేల్చారు. 2012 జులై 4న సెర్న్ ప్రయోగశాల ప్రకటించిన హిగ్స్ కణం బరువు దాదాపు 125 జీఈవీ. కాబట్టి పూసలు కట్టాలంటే కొత్త క్షేత్రం ఏదో ఉండాలి, అందుకే నువ్వూ స్కేలార్ కలపబోతున్నావు. నిజంగా బుడగలు పుట్టి ఢీకొని ఉంటే ఆ గురుత్వ తరంగాలను లీసా అనే అంతరిక్ష పరికరం పట్టుకోగలదు. దాన్ని 2035లో పంపాలనుకుంటున్నారు. అప్పటికి నీకు మంచి వయసు. నేను ఉంటానో లేదో, ఆ గ్రాఫ్ మీద నీ లెక్క గీత మాత్రం ఉండాలని ఆశ.

ఆ గీత గీసే ముందు గేజ్, అంటే అవే క్షేత్రాలను రాసుకునే పద్ధతి, మార్చి చూడు. ఒకే పొటెన్షియల్ ఒక గేజ్‌లో ఒక ఉష్ణోగ్రత చెబుతుంది, ఇంకో గేజ్‌లో ఇంకోటి. కనిష్ఠం దగ్గరి శక్తి విలువ గేజ్ మీద ఆధారపడదని నీల్సన్ 1975లో చూపించాడు, దాన్ని పట్టుకుని నడువు. అదే ఏడు ఎలిట్జుర్ లోకల్ గేజ్ సౌష్ఠవం దానంతటది భంగం కావడం అసాధ్యమని రుజువు చేశాడు. "గేజ్ సౌష్ఠవం భంగమైంది" అని మనందరం అలవాటుగా అంటాం. వైవాలో ఎవరో ఒకరు ఆ మాట దగ్గరే పట్టుకుంటారు, అందుకే ముందే చెబుతున్నాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. తను నీ జీతం పోతుందని ఏడవలేదు, నువ్వు ఒంటరిగా ఉండిపోతావేమోనని ఏడ్చింది. వారానికి ఒక్కసారైనా ఇంటికి రా.

ఈ ఆదివారం ఇక్కడికే భోజనానికి రా. పరుపు కింద దాచిన నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది, తీసి బల్ల మీద పెట్టాను. 41వ పేజీలో 1.1 చుట్టూ నేను గీసుకున్న సున్నా అలాగే ఉంది. 40వ పేజీ నుంచి నువ్వు చేత్తో కట్టు, నేను పక్కన కూర్చుంటాను.

మీ పెద్దమ్మ