బోర్డు మీద ఏం రాయాలని అడిగావు కదా

అమ్మడూ,

పర్లాకిమిడిలో నీ కౌన్సెలింగ్‌కి గది దొరికిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. బోర్డు మీద ఏం రాయాలో అత్తనే అడగమన్నావట. నువ్వు చదివింది ఎం.ఏ. సైకాలజీ, తర్వాత కౌన్సెలింగ్ డిప్లొమా. అంతే రాయి. ఎవరైనా నిన్ను డాక్టరమ్మా అని పిలిస్తే ఆ పూటే సరిదిద్దు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే వేరే చదువు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు రాయడం సైకియాట్రిస్టు పని. నీ చదువేమిటో, నీ వల్ల ఏది కాదో వచ్చినవాళ్ళకి మొదటి రోజే చెప్పు. అందుకు చిన్నతనపడకు.

నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచాక అక్కడినుంచి ఒకావిడ బరంపురంలో నా దగ్గరికి వచ్చింది (ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను). గుండె దడ, గాలి వీస్తే నిద్ర పట్టదు. ఈసీజీ బాగానే ఉంది. ఒడియా బడిలో చదివిన మనిషి, నాతో ఒడియాలో చక్కగా మాట్లాడేది. రెండుసార్లు విని, "ధైర్యంగా ఉండమ్మా, పిల్లల మొహం చూసుకో" అన్నాను. తలూపి వెళ్ళింది. మూడు నెలలు రాలేదు.

మళ్ళీ వచ్చిన రోజు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగాను. "తెలుగేనండి" అంది. ఆ తర్వాత ఆ రాత్రి సంగతంతా తెలుగులో చెప్పుకొచ్చింది. గోడ కూలిన చప్పుడు, అత్తగారి కేక, తాను తలుపు తీయడానికి ఆలస్యం చేసిన ఆ కాసేపు. ఒడియాలో నాకు చెప్పింది నష్టం లెక్క. తెలుగులో చెప్పింది బెంగ. ఆమె ఏడుస్తుంటే నేనేమీ అనలేదు. నా ధైర్య వచనాలు ఆమె నోరు ఎలా మూయించాయో అప్పుడు తెలిసింది.

అందుకే ఎవరొచ్చినా మొదట అడుగు: కోపం వస్తే ఏ భాషలో తిడతారు, పిల్లని ఏ భాషలో జోకొడతారు అని. వాళ్ళు తల బరువంటే తల బరువనే రాసుకో, నీ పుస్తకంలోని పేరు పెట్టకు. కొండల మీది సవరలు వస్తే వెంట వచ్చిన కొడుకుని మధ్యలో కూర్చోబెట్టి చెప్పించకు. కొడుకు ముందు తల్లి చెప్పలేని మాటలుంటాయి. వాళ్ళ ఊరితో సంబంధం లేని, భాష వచ్చిన మనిషిని వెతుక్కో.

ఇక్కడి మాట బయటికి పోదని ఊరికే మాట ఇచ్చెయ్యకు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సి వస్తుందనీ, పిల్లల మీద లైంగిక హింస తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలనీ ముందే చెప్పు. అది తప్ప ఒక్క ముక్క దాటకూడదు. మన ఊళ్ళలో అందరూ అందరికీ చుట్టాలే. బజారులో ఎదురైతే నువ్వు ముందు పలకరించకు, వాళ్ళు పలకరిస్తేనే మాట్లాడు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుట్టదమ్మా, ఉన్నది బయటపడుతుంది. పోలీసు కేసవుతుందని భయపడి పురుగుమందు తాగిన మనిషిని ఇంట్లోనే ఉంచేసినవాళ్ళను చూశాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది, శిక్షించవద్దంటుంది. ఇది ప్రతి ఇంటివాళ్ళకీ చెప్పు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి చేతికివ్వు. మందులు అవసరమనిపిస్తే ఇక్కడ బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగానికి పంపు. పంపాక వెళ్ళారో లేదో కనుక్కో.

మొదటి ఏడాది నెలకోసారి నా దగ్గరికి రా. నీకు టెన్షన్ పెట్టిన కేసులు, పేర్లు లేకుండా, రాసుకుని తీసుకురా. పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకి ఇక్కడుంటావు.

మీ అత్త