సూది పరీక్షలో ‘రియాక్టివ్’ అని వచ్చినా బయాప్సీ ఎందుకు?

చిత్తూరులో మీ నాన్నగారికి అరవై దాటాయి, మెడలో, చంకల్లో బిళ్లలు (ఉబ్బిన లింఫు గ్రంథులు), విడవని జ్వరం, ఒంటి మీద దద్దుర్లు అన్నారు. సూది పరీక్షలో ‘రియాక్టివ్’ (అంటే కేన్సర్ కనబడలేదు, ఇన్ఫెక్షన్ లాంటి దానికి గ్రంథి స్పందించినట్టుంది) అని వచ్చాక మళ్లీ బయాప్సీ (గ్రంథిని కోసి తీసి పరీక్షించడం) అవసరమా అని కదా మీ ప్రశ్న? అవసరమేనండీ.

సూదికి వచ్చేవి విడి కణాలే, గ్రంథి లోపలి అమరిక కాదు. కూలిన ఇంటి ఇటుకలు చూసి గదులెలా ఉండేవో చెప్పమన్నట్టు ఉంటుంది. మన వైపు బిళ్లలంటే ముందు టీబీ అనుకుంటారు, అది సబబే. కానీ ఈ వయసులో ఇవన్నీ కలిసి వస్తే యాంజియోఇమ్యూనోబ్లాస్టిక్ టీ సెల్ లింఫోమా అనే అరుదైన లింఫు కణాల కేన్సర్ లేదని కూడా తేల్చుకోవాలి. ఇది మహా మాయదారిది. తొలి దశలో ఫాలికిల్స్ (గ్రంథిలో ఉండే గుండ్రటి కణాల గుంపులు) ఇన్ఫెక్షన్‌లో పెరిగినట్టే పెరుగుతాయి. వాటి చుట్టూ మామూలు రోగనిరోధక కణాల (లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, ఇయోసినోఫిల్స్) గుంపులో అసలు కేన్సర్ కణాలు కొద్దిగానే ఉంటాయి. ఒక్కోసారి మొదటి బయాప్సీలో కూడా దొరకదు.

వీలైతే గ్రంథి మొత్తం తీయించండి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీలో (కణాల్లోని ప్రోటీన్లకు రంగు పట్టించి గుర్తించే పరీక్ష) సీడీ3, సీడీ10, బీసీఎల్6, పీడీ1, సీడీ21 అనే గుర్తులు చూస్తారా అని అడగండి. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్) వైరస్ కణాల్లో ఉందేమో చూసే ఈబర్ పరీక్ష, సందేహం మిగిలితే టీ సెల్ క్లోనాలిటీ (టీ కణాలు ఒకే కణం నుంచి పుట్టాయా అని చూడటం) గురించి కూడా అడగండి. క్లోనాలిటీ ఒక్కటే చూసి తేల్చరు లెండి.

బయాప్సీకి ముందు మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేయకండి. బిళ్లలు తాత్కాలికంగా తగ్గి, స్లైడ్ అర్థం కాకుండా పోతుంది.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి మీకు ఇంకా దగ్గర. రిపోర్టుతో పాటు స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గ్రంథి ముక్కలు) అడిగి తీసుకోండి, రెండో అభిప్రాయానికి అవే కావాలి.