పీతల సర్వేకి వెళ్తున్న మేనకోడలికి

భైరవపాలెం

చిట్టితల్లీ,

దీపావళి వెళ్లగానే లోతు సముద్రంలో పీతల సర్వేకి పోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల 150 బారల కింద ఏముందో లెక్క కడుతుందంటే ఛాతీ ఉబ్బింది. ఆ నెల తలుచుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు.

ఎర పెట్టి అడుగుకు దించే పీతల బుట్టకు కట్టే తాడు నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఆ రోజుల్లో నీరు దక్షిణానికి లాగుతుంది, తాడు చాలకపోతే దాని పై కొసకు కట్టి తేలేసిన బోయా మునిగిపోతుంది. గ్యాస్ బావుల చుట్టూ 500 మీటర్ల లోపలికి పోవద్దు. తాడు దిగుతున్నప్పుడు చుట్టల్లో కాలు పెట్టకు.

అన్ని బుట్టలకూ ఒకే ఎర, ఒకే తూకం. ప్రతి లోతులోనూ అంతే సేపు ఉంచు. ఖాళీగా వచ్చిన బుట్టనీ రాయి, బోటువాళ్లు నవ్వినా రాయి. నిండినవే రాస్తే పీతలకు కొదవ లేదని కాగితం చెబుతుంది. దాన్ని నమ్మి అప్పు చేసి బోట్లు దించేది మన పేటవాళ్లే. ఎర వాసనకు ఎంత దూరం నుంచి వచ్చాయో బుట్ట చెప్పదు. పైగా ఆ చలి నీళ్ల పీతలు మన మడపీతలంత తొందరగా ఎదగవు. కడుపు కింద రేకు వెడల్పుగా ఉంటే ఆడది. కొలిచి, గుడ్లున్నాయేమో చూసి, వెంటనే వదిలెయ్యి.

ఇక అసలు సంగతి. ప్రతి బుట్టకూ ఒక పక్క నూలు దారంతో కుట్టించు. నైలాన్ కుళ్లదు. అడుగున మిగిలిపోయిన బుట్టలో చచ్చిన పీతే తర్వాతి పీతకు ఎర అవుతుంది, అలా ఏళ్ల తరబడి పడుతూనే ఉంటాయి. నూలైతే నాని తెగుతుంది, అవి బయటపడతాయి. పీతల కోసమే కాదు, నీ కోసం చెబుతున్నాను.

1996 నవంబరు 6. గాలి తిరిగింది, మేం వల ఎత్తేసి తీరం పట్టాం. దారిలో మీ పెద్దమామయ్య ఎక్కిన బోటు కనపడింది. వాళ్ల వల సగం ఇంకా నీళ్లలోనే ఉంది. ఓనరు అప్పు తెచ్చి కొన్న కొత్త వల. ‘కోసేసి రండ్రా’ అని గొంతు చించుకున్నాం. ఓనరుకు లెక్క చెప్పాలి, ఎత్తుకుని వెనకే వస్తామని అన్నయ్య చెయ్యి ఊపాడు. ఆ రాత్రి కాకినాడకు దక్షిణంగా తుపాను తీరం దాటింది. కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. వెయ్యి మందికి పైగా పోయారు, బోట్ల మీద ఉన్నవాళ్లు ఎందరో. అన్నయ్య దొరకలేదు. దొరకని మనిషికి పెద్దకర్మ ఏంటని మీ అమ్మమ్మ చాన్నాళ్లు చెయ్యనివ్వలేదు.

నీ బుట్టలకూ లెక్క ఉంటుంది. వాటిలో నీ అంకెలుంటాయి, వదలబుద్ధి కాదు. వరద ఏట్లో పడ్డ చెప్పు కోసం దిగబోయిన పిల్లవి నువ్వు! ఆరోజు ఒళ్లు మండి రెండు తగిలించాను, మళ్లీ నేనే భుజానెత్తుకుని ఇంటికి తెచ్చాను. ఇప్పుడు అంత దూరం రాలేను కదమ్మా.

వైర్‌లెస్‌లో వాయుగుండం మాట వినపడగానే వెనక్కి తిరగండి. ఎత్తుతున్న తాడైనా సరే, కోసెయ్యి. పడ్డ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకో, తర్వాత వెతకొచ్చు. నూలు కుట్టి ఉంటే పీతలు చస్తాయన్న బెంగా ఉండదు. సర్వే మళ్లీ చేసుకోవచ్చు.

బోటు డ్రైవరు ఏ ఊరివాడో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. అతనితో నేను మాట్లాడాలి.

మీ చిన్నమామయ్య