కాశీ బొమ్మ వేస్తే కాశీలా లేదంటున్నారు

ప్రశ్న: నమస్తే అండి. పోయినేడు అమ్మ అస్థికలు కలపడానికి కాశీ వెళ్లొచ్చాను. అప్పటినుంచి ఆ ఘాట్లు, ఆ నీళ్లు బొమ్మగా వేయాలని కూర్చుంటున్నాను. ఫోటో చూసి వేస్తే అచ్చం కాశీలాగే వస్తోంది కానీ నాకేమీ అనిపించడం లేదు. మెట్లూ పడవలూ తీసేసి ఉత్త రంగులతో వేస్తే "గోడకి సున్నం కొట్టినట్టుంది" అంటున్నారు ఇంట్లోవాళ్లు. బాధ కనపడాలని నీలం, నలుపు బాగానే వాడాను. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: బాధంటే నీలం, కోపమంటే ఎరుపు అని లెక్క పెట్టుకుని వేస్తే చూసేవాళ్లకి ఆ లెక్కే కనపడుతుందండి, మీ అమ్మగారు కనపడరు.

ఇదే ఊరు ఒక పెద్ద చిత్రకారుడి చేతిని మార్చేసింది. రాంకుమార్ 1950ల్లో మనుషుల్నే వేసేవారు, నగరంలో దిక్కుతోచక నిలబడ్డ దిగాలు ముఖాలు. 1960లో ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి కాశీ వెళ్లారు. అడుగుకో మనిషి తగిలే ఆ ఊరికి వెళ్లొచ్చాక ఆయన బొమ్మల్లోంచి మనుషులే వెళ్లిపోయారు! ఒకదాని మీద ఒకటి ఒరిగిన ఇళ్లు, బూడిద రంగు, మట్టి రంగు మిగిలాయి, తర్వాత్తర్వాత ఆ ఇళ్లు కూడా కరిగిపోయి రంగు పలకల మధ్య జారుతున్న నేలా నీళ్లూ మాత్రమే ఉండిపోయాయి. ఆ తొలి కాశీ బొమ్మల్లో ఏడుస్తున్న ముఖం లేకపోయినా నాకు గొంతు పట్టేస్తుంది. నలుపు వల్ల కాదు, ఆ ఇళ్ల మధ్య గాలి ఆడే సందు ఉండదు, అందుకు.

ముందు ఆ ఫోటో పక్కన పెట్టేయండి. పడవ నడి గంగలోకి వెళ్లినప్పుడు మీరు ఎటు తిరిగి కూర్చున్నారు? కాశీలో ఒక ఒడ్డంతా మెట్లూ మేడలూ, ఎదుటి ఒడ్డు ఉత్త ఇసుక. మీ బొమ్మలో ఆ నిండుతనం ఎంత ఉండాలి, ఆ ఖాళీ ఎంత ఉండాలి, నీటిగీత ఎక్కడ పడాలి అన్నది తేల్చుకోండి. గీత బాగా పైకి జరిపితే నీళ్లు మీద పడుతున్నట్టుంటుంది, కిందికి దించితే ఆకాశం పెరిగి ఒంటరిగా అనిపిస్తుంది. పోస్ట్‌కార్డంత కాగితాల మీద పెన్సిల్‌తో ఓ పదిహేను వేసి చూడండి, ఒకటి మిమ్మల్ని ఆపుతుంది.

రంగులు మూడు చాలు: అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం, బర్న్‌ట్ సియెనా అనే ఎర్రమట్టి గోధుమ రంగు, తెలుపు. మొదటి రెండూ కలిపి కాస్త తెలుపు వేస్తే బూడిద రంగు వస్తుంది, నీలం ఎక్కువైతే చల్లగా, సియెనా ఎక్కువైతే వెచ్చగా. ట్యూబు నలుపు అక్కర్లేదు. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు పల్చగా వేస్తే నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఆరిన పొర మీద రంగు పూసే పెయింటింగ్ నైఫ్‌తో ఇంకో పొర లాగి, అది తడిగా ఉండగానే గీకండి, కింది రంగు బయటికొస్తుంది.

ఇంట్లోవాళ్లకి ఏమీ వివరించకుండా బొమ్మని ఓ నెల గోడకి ఉంచేయండి, ఈ టెన్షన్ పెట్టుకోవద్దు. మీరు చూసుకోవాల్సింది అంచులు. కత్తిరించినట్టున్న అంచు తెగిపోయినట్టు కనపడుతుంది, తడి ఆరకముందే గుడ్డతో తుడిచిన అంచు మెల్లగా దూరమవుతున్నట్టు. అస్థికలు చేతిలోంచి నీళ్లలోకి జారిన క్షణం మీకు ఈ రెంటిలో ఎలా గుర్తుందో ఆ అంచుతోనే మొదలుపెట్టండి.