తేనె వైన్ తేరుకోవాలంటే ఏం కలపాలి?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉంటున్నారు. సొంత వాడకానికి ఇంట్లో వైన్ చేసుకోవడం అక్కడ తప్పు కాదట. తేనెతో చేసే మీడ్ అనే పానీయాన్ని నాలుగున్నర లీటర్ల గాజు జాడీలో పెట్టారు. పులియడం ఆగి నెల దాటినా కలి నీళ్లలా మసకగానే ఉంది. దుకాణంలో ఇచ్చిన తేటపరిచే మందు చేప నుంచి తీసినదని తెలిసి, మేము శాకాహారులం కావడంతో వాడకుండా పక్కన పెట్టారు. పెన్నకు కొత్తనీరు వచ్చినప్పుడు మా అవ్వ చిల్లగింజను కడవ లోపలి అంచుకు అరగదీసి నీళ్లు పోసేది. తెల్లారేసరికి పైన తేట, అడుగున ఒండ్రు. ఆ గింజ దీనికి పనికిరాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మీ అవ్వగారు కడవలో చేసిన పనీ, వైన్‌లో ఆ మందులు చేసే పనీ చాలావరకు ఒకటే. నీటిలోని సన్నటి మట్టి రేణువులు ఒకే రకమైన విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని జిగురు పదార్థం వాటిని గుత్తులుగా కూర్చితే బరువెక్కి అడుగుకు దిగుతాయి. మీడ్‌లో మసకకు కారణం ముఖ్యంగా రెండు: ఋణావేశం ఉన్న ఈస్ట్ కణాలు, తేనెతోనూ పుప్పొడితోనూ వచ్చిన ధనావేశపు ప్రోటీన్లు. ఏది తేలుతుంటే దానికి ఎదురు ఆవేశం ఉన్న పదార్థాన్ని కలపడమే ఇందులోని కిటుకు. మీవాళ్లకు ఇచ్చినది ఐసింగ్లాస్, అంటే చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి తీసిన పదార్థం. దానికి ధనావేశం ఉంటుంది కనుక ఈస్ట్‌ను పట్టి దించుతుంది.

అయినా చిల్లగింజను మీడ్‌లో వేయమని నేను చెప్పను. అది మామూలు నీటికి అలవాటైన మందు. మీడ్‌కు పులుపు, ఆల్కహాలు రెండూ ఉన్నాయి, పైగా అరగదీసిన గింజలో కొంత పానీయంలోనే ఉండిపోతుంది. పటికకూ ఇదే మాట వర్తిస్తుంది.

శాకాహారులకు నిక్షేపంలాంటిది బెంటొనైట్. అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన బంకమట్టి అది. ఋణావేశం ఉండటం వల్ల ప్రోటీన్లను లాక్కుంటుంది, దిగేటప్పుడు ఈస్ట్‌ను కూడా కొంత వెంట తీసుకుపోతుంది. ఆ జాడీకి చదునుగా ఒక టీస్పూను, అంటే సుమారు మూడు నాలుగు గ్రాములు చాలు. పొడిని నేరుగా జాడీలో వేస్తే ఉండలు కట్టి వృథా అవుతుంది కనుక, మరిగించి దించిన అరగ్లాసు నీళ్లలో చిటికెడు చిటికెడుగా చల్లుతూ కలిపి, రాత్రంతా నాననివ్వాలి. తెల్లవారి చూస్తే చిక్కటి గంజిలా ఉబ్బి ఉంటుంది. దాన్ని జాడీలో పోసి, గాలి కలవకుండా నెమ్మదిగా తిప్పి, వారం పది రోజులు కదపకుండా ఉంచాలి. తరువాత సన్నటి గొట్టంతో పై తేటను మరో జాడీలోకి లాగాలి. అడుగు మడ్డితో పాటు కొంత మీడ్ కూడా పోతుంది. ఆ చివరి గ్లాసుకు ఆశపడి గొట్టాన్ని కిందికి దించితే చేసిన పనంతా మొదటికి వస్తుంది.

అయితే ఇవన్నీ చేసే ముందు జాడీని కాస్త ఊపి చూడమనండి. బుడగలు పైకి వస్తుంటే లోపల బొగ్గుపులుసు వాయువు మిగిలి ఉన్నట్టే, అది ఈస్ట్‌ను అడుగుకు దిగనివ్వదు. ముందు వాయువు పోయేలా కలియబెట్టాలి. ఇంగ్లండు చలి కూడా ఒక మందే. మరో నెల చల్లని గదిలో వదిలేస్తే ఏమీ కలపకుండానే తేరుకోవచ్చు, నా ఓటు దానికే. మందు ఎక్కువైతే మసకతో పాటు రుచీ వాసనా కూడా పోతాయి కనుక, నాలుగు చిన్న గ్లాసుల్లో వేర్వేరు మోతాదులు వేసి చూసి, పనిచేసిన అతి తక్కువ మోతాదునే జాడీకి వాడటం మంచిది.

మరొక జాగ్రత్త: రెండు పొట్లాల జంటగా అమ్మే మందులో ఒకటి సిలికా, రెండోది తరచుగా కైటొసాన్. ఈ కైటొసాన్‌ను ఎక్కువగా తీసేది రొయ్య, పీత పెంకుల నుంచే. రొయ్యల గుంటల జిల్లావాళ్లం, పెంకుల విలువ మనకు కొత్త కాదు కానీ శాకాహారులు మాత్రం పొట్లం మీది చిన్న అక్షరాలు చదవక తప్పదు. బూజు నుంచి తీసిన కైటొసాన్ కూడా దొరుకుతుంది.

ప్రశ్న: క్రిస్మస్‌కు నల్లద్రాక్షను ఉడికించి వైన్ పెడదామని మా తోడికోడలు అంటోంది. ఐదు లీటర్లకు ఒక కోడిగుడ్డు తెల్లసొన వేస్తే తేరుతుందా?
– గృహిణి, ఒంగోలు

జవాబు: ముందుగా చట్టం మాట. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. పండుగ కోసం, ఇంట్లోవాళ్ల కోసం అన్నా అది మారదు. కనుక పులియబెట్టకుండా రసంగా చేసుకోండి.

తెల్లసొన సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎర్ర వైన్‌లో వగరు తగ్గించడానికి 225 లీటర్ల పీపాకు ఐదారు గుడ్ల తెల్లసొనను చిటికెడు ఉప్పుతో కలిపి వాడతారు. ఆ లెక్కన ఐదు లీటర్లకు ఒక గుడ్డు తెల్లసొనలో సుమారు ఎనిమిదో వంతు చాలు. పైగా ద్రాక్షను ఉడికిస్తే పెక్టిన్ అనే జిగురు రసంలోకి దిగి వచ్చే మసకను తెల్లసొన తీయలేదు, దానికి పెక్టినేజ్ అనే ఎంజైము కావాలి. కాయలను పొయ్యి ఎక్కించకుండా పచ్చిగానే చిదిమి, పలుచటి బట్టలో వడగట్టి, రసాన్ని ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి పై తేట వంచుకోండి. అడుగున గాజు రవ్వల్లాంటివి కనబడితే కంగారు పడకండి. అవి ద్రాక్షలోని పులుపు చల్లదనానికి గట్టిపడిన గడ్డలు.