సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి చదువుతున్నాను. అమెరికా రాజ్యాంగాన్ని అసలు అలా ఎందుకు రాసుకున్నారు?

"వీ ద పీపుల్" ("ప్రజలమైన మేము" అనే రాజ్యాంగం తొలి మాటలు), "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" (ప్రభుత్వంలో ఒక విభాగాన్ని ఇంకొకటి అదుపులో ఉంచడం) లాంటి జవాబులు నోటికి వచ్చేశాయి గానీ, వాటి వెనక ఏం జరిగిందో అర్థం కావడం లేదు అని మీరు రాశారు. నేనూ ఆ ఇంటర్వ్యూ దాటి వచ్చినవాడినే. పాసయ్యాక కూడా ఈ సందేహం నన్ను వదల్లేదు. రాజ్యాంగం రాసిన 1787 ఫిలడెల్ఫియా సమావేశంలో వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ రోజూ కూర్చుని రాసుకున్న నోట్స్ చదవడం మొదలుపెట్టాకే విషయం పట్టుబడింది. యూరప్ తత్వవేత్తలు జాన్ లాక్, మాంటెస్క్యూల ఆలోచనలు ఆ గదిలో ఉన్న మాట నిజమే. కానీ అక్కడ కూర్చున్నవాళ్లను ఎక్కువగా కదిలించింది అంతకు ముందు పదేళ్లలో తాము పడ్డ పాట్లు.

1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 రాష్ట్రాలు ముందు ఒక ఒప్పందం రాసుకున్నాయి. అది 1781లో అమల్లోకి వచ్చింది. రాజు పెత్తనం నుంచి అప్పుడే బయటపడుతున్నారు కాబట్టి కేంద్రానికి దాదాపు ఏ బలమూ ఇవ్వలేదు. పాలన నడిపే అధ్యక్షుడు లేడు, జాతీయ న్యాయవ్యవస్థ లేదు, కాంగ్రెస్‌కు, అంటే రాష్ట్రాల ప్రతినిధులు కూర్చునే జాతీయ సభకు, పన్ను వేసే అధికారం లేదు. డబ్బు కావాలంటే రాష్ట్రాలను అడగాలి, అవి ఇచ్చినంత తీసుకోవాలి. యుద్ధం అప్పులు తీర్చడానికి దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకోనివ్వమంటే రోడ్ ఐలండ్ ఒప్పుకోలేదు. ఒప్పందాన్ని మార్చాలంటే 13 రాష్ట్రాలూ సరేననాలి కాబట్టి ఆ ప్రయత్నం అక్కడే ఆగిపోయింది.

1786లో మసాచుసెట్స్ పశ్చిమ భాగంలో రైతులు తిరగబడ్డారు. అప్పులూ పన్నులూ వెండి, బంగారు నాణేల్లో కట్టమంటే వాళ్ల చేతుల్లో నాణేలు లేవు. భూములు వేలానికి వెళ్లాయి, అప్పు తీర్చలేనివాళ్లను జైల్లో పెట్టారు. స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పోరాడిన డేనియల్ షేస్ లాంటివాళ్లు ముందుండి కోర్టులు నడవకుండా అడ్డుకున్నారు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లారు. వాళ్లను అణచడానికి కాంగ్రెస్ దగ్గర డబ్బు లేదు, బోస్టన్ వ్యాపారులు చందాలు వేసుకుని సైన్యాన్ని నడిపించారు. న్యాయం ఆ రైతుల వైపే ఎక్కువ ఉందని నా నమ్మకం. కానీ ఆస్తిపరులకూ నాయకులకూ గట్టిగా భయం పట్టుకుంది. ఫిలడెల్ఫియా సమావేశానికి అంతమంది తరలి రావడంలో ఆ భయం పాత్ర చాలా ఉంది.

మే 25 నుంచి సెప్టెంబర్ 17 వరకు, తలుపులు మూసుకుని, 12 రాష్ట్రాల నుంచి 55 మంది చర్చించారు. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. పాత ఒప్పందాన్ని సవరించమని పంపితే వీళ్లు దాన్ని పక్కన పెట్టి కొత్తది రాశారు. వాళ్ల భయం రెండు వైపులా ఉంది. రాజు లాంటి ఒక్కడి చేతిలో అధికారం పడితే ప్రమాదం. ఎన్నికైన సభలకు అడ్డు లేకపోయినా ప్రమాదమే. అందుకే ఒక్కొక్కరిని ఒక్కో దారిలో ఎంచుకునేలా, ఒక్కొక్కరికి ఒక్కో గడువు ఉండేలా పెట్టారు. ప్రతినిధుల సభను ప్రజలు రెండేళ్లకోసారి ఎన్నుకుంటారు. కాంగ్రెస్ ఎగువ సభ సభ్యులైన సెనేటర్లను అప్పట్లో రాష్ట్రాల శాసనసభలు ఎంచుకునేవి, ఆ పద్ధతి 1913 వరకు సాగింది. అధ్యక్షుణ్ణి ఎలక్టర్లు (అందుకోసమే ఒక్కో రాష్ట్రం తరఫున ఎంపికైనవాళ్లు) ఎన్నుకుంటారు, జడ్జీలకు పదవీకాలం పరిమితి లేదు. మీరు బట్టీ పట్టిన "చెక్స్ అండ్ బ్యాలెన్సెస్" ఇదే.

బానిసత్వం సంగతి వదిలేసి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్న జనాభా లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా కలిపారు. బయటి నుంచి బానిసలను తేవడాన్ని 1808 దాకా కాంగ్రెస్ నిషేధించకూడదన్నారు. పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్నారు. దక్షిణాది రాష్ట్రాలను కలుపుకోవడానికి చేసుకున్న బేరం ఇది. దాన్ని తుడిచివేయడానికి ఆరు లక్షల మందికి పైగా చనిపోయిన అంతర్యుద్ధం, ఆ తర్వాత 1865 నుంచి వచ్చిన మూడు సవరణలు కావలసి వచ్చాయి. ఈ గడ్డ మీద పౌరసత్వం తీసుకుంటున్న మనకు ఇది దూరపు విషయమేమీ కాదు. శ్వేతజాతివాడు కాదన్న కారణంతో భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడికి పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. మనవాళ్లు దరఖాస్తు చేసుకునే వీలు 1946లో చట్టం మారాకే వచ్చింది.

ఇక "వీ ద పీపుల్". నా దృష్టిలో అమెరికన్లు ప్రపంచానికి చూపిన అసలైన కొత్త దారి ఇక్కడే ఉంది. 1778లో మసాచుసెట్స్ శాసనసభ తానే ఒక రాజ్యాంగం రాసి పంపితే ఊళ్లు తిప్పికొట్టాయి. ఆ తర్వాత అందుకోసమే ప్రత్యేకంగా ఒక సభను ఎన్నుకున్నారు. జాన్ ఆడమ్స్ ప్రధానంగా రాసిన ముసాయిదాను ఊరూరా సమావేశాల్లో చర్చించి 1780లో ఆమోదించారు. ప్రభుత్వాన్ని కట్టడి చేసే పత్రాన్ని ఆ ప్రభుత్వమే రాసుకుంటే అది కట్టడి ఎలా అవుతుంది? 1787 రాజ్యాంగం కూడా అదే దారిలో వెళ్లింది. శాసనసభలకు ఓటు వదిలేయకుండా ప్రతి రాష్ట్రంలోనూ ప్రజలు ఎన్నుకున్న సభల ముందు పెట్టారు. 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు. ఓటు హక్కు అప్పట్లో ఎక్కువగా ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్లకే ఉండేది, నిజమే. అయినా పోటీ హోరాహోరీగా సాగింది. వర్జీనియాలో 89-79, న్యూయార్క్‌లో 30-27. రోడ్ ఐలండ్ 1790లో గానీ దిగిరాలేదు, అదీ రెండు ఓట్ల తేడాతో.

వ్యతిరేకించినవాళ్ల గురించి కూడా చదవండి. ఫిలడెల్ఫియా సమావేశం చివరి రోజుల్లో వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ హక్కుల పట్టిక (బిల్ ఆఫ్ రైట్స్) చేర్చమని అడిగితే ఒక్క రాష్ట్రం కూడా మద్దతివ్వలేదు. ఆయన సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఫిలడెల్ఫియాలోని నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌లో సంతకం చేసిన 39 మంది కంచు విగ్రహాలతో పాటు, కాదన్న ముగ్గురివీ నిలబెట్టారు. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడింది మేసన్ దగ్గరే. హక్కుల పట్టిక లేదన్న ఫిర్యాదు రాష్ట్రాల సభల్లో అంత గట్టిగా వినిపించింది కాబట్టే మాడిసన్ 1789లో సవరణలు ప్రతిపాదించాడు, 1791లో పది ఆమోదం పొందాయి. "మొదటి సవరణలో ఉన్న ఒక హక్కు చెప్పండి" అని 2008 నాటి పౌరసత్వ పరీక్షలో ఉన్న ప్రశ్న అలా వచ్చింది. వాక్‌స్వాతంత్ర్యం, మతం, పత్రికలు, గుమిగూడడం, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవడం, వీటిలో ఏది చెప్పినా సరిపోయేది.